ముక్కూ మొహం తెలియనివాళ్లు ఎందుకు ఆగుతారు?

నల్లగొండ నుంచి దేవరకొండకు వెళ్లే దారిలో గుర్రంపోడు దాటిన కొంతసేపటికి, పొద్దు గూకే వేళ, నా మోటారు సైకిల్ రెండుసార్లు వెక్కి ఆగిపోయింది. ట్యాంకు మూత తీసి బండిని అటూ ఇటూ ఊపి చూస్తే లోపల చప్పుడే లేదు. పెట్రోలు ముల్లు నెల రోజులుగా పనిచేయడం లేదని తెలిసి కూడా అంచనా మీద నడిపిస్తూ వచ్చాను. ఆ రోజు అంచనా తప్పింది. ఫోను అప్పటికే ఆరిపోయింది. ఇప్పుడు చాలామందికి లాగే నాకూ డబ్బంతా ఫోనులోనే కనుక జేబులో పది రూపాయల నోటు ఒకటి తప్ప ఇంకేమీ లేదు. ఇది ప్రాణం మీదికి వచ్చిన ఆపద కాదు. అయినా రెండు వైపులా పత్తి చేలు తప్ప ఇల్లు కనిపించని చోట, చీకటి పడబోతుండగా, ఆగిన బండిని పట్టుకుని నిలబడినవాడికి కలిగే నిస్సహాయత చిన్నదేమీ కాదు.

ఇరవై నిమిషాలపాటు బండిని నెట్టుకుంటూ నడిచాను. ఆలోగా ఒక ట్రాక్టరు, ఒక ఆటో, మూడు నాలుగు మోటారు సైకిళ్లు నన్ను దాటి వెళ్లాయి. నేను ఒక్కదానికీ చెయ్యెత్తలేదు. పైగా వెనక నుంచి బండి చప్పుడు వినిపించినప్పుడల్లా ఆరిపోయిన ఫోనును చేతిలోకి తీసుకుని, ఎవరితోనో మాట్లాడి వారి కోసం ఎదురుచూస్తున్నవాడిలా దానివైపు చూస్తూ నిలబడ్డాను. తర్వాత చాలా రోజులు నన్ను వెంటాడినది ఈ వివరమే. ఈ వ్యాసానికి మూలం కూడా అదే.

చివరికి ఒకాయన నన్ను దాటిపోయి, యాభై గజాలు వెళ్లి, బండి తిప్పుకుని వెనక్కి వచ్చాడు. వెనక సీటుకు రెండు వైపులా పాల క్యాన్లు వేలాడుతున్నాయి. "ఏమైందన్నా, పెట్రోలైపోయిందా?" అని అడిగి, నేను తల ఊపగానే, "ఎక్కి కూసో. న్యూట్రల్ల వెట్టు, హ్యాండిల్ సక్కగ వట్టుకో, నేను నూకుకుంట వస్త" అన్నాడు. పల్లె దారుల మీద తిరిగేవారందరికీ తెలిసిన పద్ధతే అది. వెనక కూర్చునేవారు పాదం ఆనించుకునే కడ్డీ మీద ఆయన ఒక కాలు చాపి పెట్టి, తన బండి ఊపుతోనే నా బండిని తోస్తూ వస్తాడు. చూడటానికి సులువుగా కనిపిస్తుంది కాని, రెండు బండ్ల వేగం ఒక్కటిగా ఉండాలి; ఆయన కాస్త ఎక్కువ రైజు చేస్తే నా హ్యాండిల్ ఊగుతుంది, నేను భయపడి బ్రేకు తొక్కితే ఆయన కాలు జారుతుంది. పేర్లైనా తెలియని ఇద్దరం ఒకరి ఊపును ఒకరం పసిగట్టుకుంటూ, పాల క్యాన్ల మూతలు టకటకలాడుతుండగా నాలుగు కిలోమీటర్లు వెళ్లాం.

బంకులో ఆయనే వంద రూపాయల నోటు తీసి పెట్రోలు పోయించాడు. డబ్బు తిరిగి పంపడానికి ఫోన్ నంబరు చెప్పమంటే, "గింత దానికి నంబరెందుకన్నా? నేను వోవాలె, పాలకేంద్రం మూస్తరు" అని బండి తిప్పుకుని వచ్చిన దారినే వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం ఆయనకూ తొందర ఉందన్న సంగతి నాకు తెలిసింది ఆ ఒక్క మాటతోనే.

ఇటువంటి అనుభవాన్ని ఇంట్లో చెప్పేటప్పుడు మనం "దేవుడిలా వచ్చాడు" అంటాం. ఆ మాటలో నిజమైన కృతజ్ఞత ఉంది. దానితోపాటు ఒక తప్పు లెక్క కూడా ఉంది. దేవుడు ఎప్పుడో గాని కనిపించడు కనుక, పోల్చినప్పుడే ఆ సాయం అరుదైనదని తీర్మానించుకుంటున్నాం. నిజంగా అరుదైనదేనా? గడచిన పదేళ్లలో మనకు తెలియనివారు మన జారిన కొంగును చక్రంలో పడకుండా చూపించిన సందర్భాలు, సైడ్ స్టాండు తీయలేదని అరిచి చెప్పిన సందర్భాలు, బస్సులో సంచి అందుకున్న సందర్భాలు లెక్కపెడితే, సాయం దొరికిన రోజులకంటే దొరకని రోజులే గుర్తు తెచ్చుకోవడం కష్టమవుతుంది. అందువల్ల విడదీసి చూడవలసిన ప్రశ్న "ఆయన ఎందుకు ఆగాడు" అన్నది ఒక్కటే కాదు. "ఆగుతాడని నేను ఎందుకు అనుకోలేదు" అన్నది కూడా.

అపరిచితులు ఆపదలో పట్టించుకోరన్న నమ్మకానికి ఆధునిక కాలంలో శాస్త్రీయమైన బలం ఇచ్చిన సంఘటన ఒకటి ఉంది. 1964 మార్చి 13న న్యూయార్క్‌లో కిట్టీ జెనోవీస్ అనే యువతి తన ఇంటి దగ్గరే హత్యకు గురైంది. రెండు వారాల తర్వాత ఒక ప్రముఖ దినపత్రిక మొదటి పేజీలో, దాదాపు నలభై మంది ఇరుగుపొరుగువారు ఆ దాడిని చూస్తూ ఉండిపోయారని, దాడి జరుగుతున్నంతసేపూ ఒక్కరూ పోలీసులకు ఫోన్ చేయలేదని రాసింది. ఆ కథనంలోని 38 మంది సాక్షుల మాట దశాబ్దాలపాటు పాఠ్యపుస్తకాల్లో నిలిచిపోయింది. తర్వాతి పరిశీలనల్లో అది చాలావరకు అతిశయోక్తి అని తేలింది. అంతమంది మొదటి నుంచి చివరి దాకా చూశారనడానికి ఆధారం లేదు, పొరుగింటి స్త్రీ ఒకామె కిందికి పరుగెత్తి వచ్చి ఆ యువతిని చేతుల్లోకి తీసుకుంది కూడా. తప్పుడు కథ లోకమంతా తిరిగింది. పరుగెత్తి వచ్చిన ఆ పొరుగామె సంగతి మాత్రం ఎన్నో ఏళ్లు లోకానికి పెద్దగా తెలియలేదు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం.

అయితే ఆ కథ వల్ల మొదలైన పరిశోధన విలువైనదే. జాన్ డార్లీ, బిబ్ లాటానే అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 1968లో ప్రచురించిన ప్రయోగంలో విద్యార్థులను వేర్వేరు గదుల్లో కూర్చోబెట్టి, మైకుల ద్వారా మాట్లాడుకోమన్నారు. మధ్యలో ఒక గొంతు మూర్ఛ వచ్చినట్టు తడబడుతూ సాయం కోరుతుంది. ఆ గొంతు తనకొక్కడికే వినిపిస్తున్నదని అనుకున్నవారిలో 85 శాతం మంది, ఆ గొంతు ఆగిపోకముందే లేచి వెళ్లి చెప్పారు. మరొకరు కూడా వింటున్నారని అనుకున్నప్పుడు అది 62 శాతానికి, మరో నలుగురు వింటున్నారని అనుకున్నప్పుడు 31 శాతానికి పడిపోయింది. కదలకుండా కూర్చున్నవారు రాతి గుండెలవారేమీ కాదు; చేతులు వణుకుతూ, ఏం చేయాలో తేలక సతమతమవుతూ కనిపించారని పరిశోధకులే రాశారు. బాధ్యత నలుగురి మీదా పడినప్పుడు ఎవరి వాటా ఎంతో ఎవరికీ తెలియదు. పదిమందిలో పాము చావదన్నట్టు, అందరిదైన పని ఎవరిదీ కాకుండా పోతుంది.

దానికి తోడు మరో చిక్కు ఉంది. చుట్టూ ఉన్నవాళ్లు నిమ్మళంగా కనిపిస్తే, మనం చూస్తున్నది ఆపద కాదేమోనన్న అనుమానం కలుగుతుంది. మన మొహం చూసి పక్కవారు కూడా అదే అనుమానానికి వస్తారు. ఇప్పుడు నా ఫోను సంగతికి వస్తాను. ఇరవై నిమిషాలపాటు నన్ను దాటిన ప్రతివారికీ నేను చూపించింది ఏమిటి? ఒక మనిషి దారి పక్కన బండి ఆపుకుని ఫోను చూసుకుంటున్నాడు. ఇందులో ఆపద ఎక్కడ ఉంది? వారు ఆగలేదని నేను మనసులో నొచ్చుకున్నాను గాని, ఆగవలసిన అవసరం లేదని వారికి చెబుతున్నది నేనే. పాల క్యాన్ల ఆయన ఆగడానికి కారణం, నేను ఫోను తీయకముందే ఆయన దూరం నుంచి నన్ను బండి నెడుతుండగా చూసి ఉండటమేనని నాకు తర్వాత తట్టింది.

మరి గుంపు ఉంటే సాయం అందదనే కదా దీని అర్థం? అలా అనుకోవడమూ తొందరపాటే. రిచర్డ్ ఫిల్‌పాట్ బృందం 2019లో వెలువరించిన అధ్యయనంలో బ్రిటన్‌లోని లాంకాస్టర్, నెదర్లాండ్స్‌లోని ఆమ్‌స్టర్‌డామ్, దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరాల్లో వీధి కెమెరాలకు చిక్కిన 219 తగాదాలను పరిశీలించారు. పదింట తొమ్మిది సంఘటనల్లో చుట్టూ ఉన్నవారిలో కనీసం ఒకరైనా కల్పించుకున్నారు; చుట్టూ జనం ఎక్కువ ఉన్నకొద్దీ ఎవరో ఒకరు ముందుకు వచ్చే అవకాశం పెరిగింది. గదిలో జరిగిన ప్రయోగానికీ వీధిలో తీసిన దృశ్యానికీ మధ్య వైరుధ్యం ఉన్నట్టు అనిపిస్తుంది కాని నిజానికి లేదు. గదుల్లో ఉన్నవారు ఒకరినొకరు చూసుకోలేరు. వీధిలో చూసుకుంటారు, ఒకరు కదిలితే మిగతావారికి దారి తెలుస్తుంది. అదీగాక ఒక్కొక్క మనిషి కదిలే అవకాశం తగ్గినా, మనుషుల సంఖ్య పెరిగినప్పుడు వారిలో ఒక్కరైనా కదిలే అవకాశం పెరగవచ్చు. సాయం కావలసినవాడికి పనికివచ్చే లెక్క ఈ రెండోదే.

ఇది ఎలా జరుగుతుందో నేను పాలమూరు నుంచి నారాయణపేట వెళ్లే పల్లెవెలుగు బస్సులో ఒకసారి దగ్గర నుంచి చూశాను. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. అయితే తెలంగాణవాసి అని చూపే గుర్తింపు కార్డు ఉండాలి. సీతాఫలాల గంపతో ఎక్కిన ఒక అవ్వ, బిడ్డ ఇంటికి పోతూ ఆధార్ కార్డు మరిచిపోయింది. "కార్డు లేకుంటే టికెట్ గొట్టాలె అవ్వా, చెకింగ్ వస్తే నా నౌకరి వోతది" అన్నాడు కండక్టరు, కోపంగా కాదు, నిజంగానే నొచ్చుకుంటూ. ఉచిత ప్రయాణమే కదా అన్న ధైర్యంతో ఆమె చాయ పైసలు మాత్రమే తెచ్చుకుంది. బొడ్లో దోపుకున్న సంచి విప్పి, చిల్లరను అరచేతిలో పోసుకుని, ఒక్కొక్క బిళ్లనే వేలితో పక్కకు జరుపుతూ లెక్కపెట్టింది. మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది. రెండోసారి లెక్కపెడితే పెరుగుతాయన్నట్టు.

బస్సులో నలభై మందిమి ఉన్నాం. అందరికీ వినిపించింది, అయినా ఎవరూ మాట్లాడలేదు. నేను కూడా కిటికీ బయటకు చూశాను. అరనిమిషం గడిచాక, టిఫిన్ డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఒక కూలి అక్క పది రూపాయల నోటు తీసి కండక్టరు చేతిలో పెట్టి, "గీ పది నావి. ఇంకెవలన్న ఇయ్యుండ్రి" అంది. అంతే, నాలుగు వైపుల నుంచి చేతులు లేచాయి. టికెట్టుకు కావలసినదానికంటే ఎక్కువే పోగైంది. మిగిలినవి ఎవరివి వారికి తిరిగి ఇవ్వడానికి కండక్టరు తిప్పలు పడ్డాడు. నిమిషం కిందట ఉన్న నలభై మందే, అవే జేబులు. అంతవరకు ఒకరి మౌనాన్ని మరొకరు "పట్టించుకోనక్కర లేదు" అని చదువుకుంటున్నారు. ఆ పది రూపాయల నోటుతో ఆ అర్థం మారిపోయింది. ఆమె తన వంతు ఇవ్వడంతో ఆగలేదు, ఇవ్వమని అడిగింది కూడా. ఈ రెండో పనికి కావలసిన ధైర్యం మొదటిదానికంటే ఎక్కువని నా అభిప్రాయం.

మనిషి ఆగడానికీ ఆగకపోవడానికీ మధ్య తొందర పోషించే పాత్రను మనం సరిగా గుర్తించం. డార్లీయే డేనియల్ బాట్సన్‌తో కలిసి 1973లో ప్రచురించిన మరో ప్రయోగం ప్రిన్స్‌టన్‌లో మతగురువులు కావడానికి చదువుతున్న విద్యార్థులపై జరిగింది. ఒక భవనం నుంచి మరో భవనానికి వెళ్లే దారిలో ఒక మనిషి మూలుగుతూ కూలబడి ఉంటాడు. తీరిక ఉందని చెప్పి పంపినవారిలో 63 శాతం మంది ఏదో ఒక రూపంలో సాయపడ్డారు. ఆలస్యమైంది త్వరగా వెళ్లమని చెప్పి పంపినవారిలో 10 శాతం మందే ఆ పని చేశారు. కొందరు వెళ్తున్నది, దారిలో పడి ఉన్న బాటసారిని ఆదుకున్నవాడి గురించిన బైబిల్ కథపై ప్రసంగించడానికే. గుణంలో తేడా లేదు, గడియారంలో ఉంది. 65వ నంబరు జాతీయ రహదారిపై చౌటుప్పల్, నార్కట్‌పల్లి మీదుగా వంద కిలోమీటర్ల వేగంతో పోయే కార్లు ఆగవు, గుర్రంపోడు దారిలో పాల క్యాన్ల బండి ఆగుతుంది అన్నప్పుడు "పట్నంవాళ్లకు మానవత్వం లేదు" అని తేల్చేయడం అన్యాయం. ఆ వేగంలో నిస్సహాయుడి మొహం కనిపించేది రెండు సెకన్లు. ఏమైందో అర్థమయ్యేసరికి బండి ఎంతో ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. పల్లె దారిలో గుంతలే బండిని నెమ్మదింపజేస్తాయి, మొహం చూసే సమయం ఇస్తాయి. పెద్ద నగరాలన్నీ ఒకేలా ఉండవనీ చెప్పాలి: రాబర్ట్ లెవీన్ బృందం ప్రపంచంలోని 23 పెద్ద నగరాల్లో చిన్నచిన్న సాయాలను పరీక్షించి చూసినప్పుడు, కిక్కిరిసిన కలకత్తా పైవరుసలో నిలిచింది.

తొందరలో ఉండి కూడా ఆగిన ఆ 10 శాతం గురించి ప్రయోగం ఎక్కువ చెప్పదు. పాలకేంద్రం మూసేస్తారని తెలిసి కూడా వెనక్కి తిరిగిన మనిషిని నేను చూశాను కనుక, నాకు ఆ అంకె 63 కంటే ముఖ్యమైనదిగా కనిపిస్తుంది. రెండు క్యాన్ల పాలు ఆ పూట పోయకుండా తిరిగి ఇంటికి తేవడమంటే పాడి మీద బతికే ఇంటికి ఎంత నష్టమో వేరే చెప్పనక్కరలేదు.

ఇక అడగడం సంగతి. నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో మెలిక పడి ఉన్నది ఇక్కడే. ఫ్రాన్సిస్ ఫ్లిన్, వెనెసా లేక్ 2008లో ప్రచురించిన పరిశోధనలో, ఒక చిన్న కాల్ చేసుకోవడానికి ఫోను ఇమ్మని ముక్కూ మొహం తెలియనివారిని అడిగి ముగ్గురిని ఒప్పించాలని కొందరికి పని పెట్టారు. ముగ్గురు ఒప్పుకోవాలంటే సుమారు పదిమందిని అడగవలసి వస్తుందని వారు ముందుగా అంచనా వేశారు. నిజానికి ఆరుగురిని అడిగితే సరిపోయింది. అడిగేవాడి మనసంతా "కాదంటే ఎలా" అన్న భయంతో నిండి ఉంటుంది. ఎదుటివాడి మనసులో మాత్రం కాదనడం అంతకంటే కష్టంగా ఉంటుంది. మొహం మీద "లేదు పో" అనడం ఎంత ఇబ్బందో మనకూ తెలుసు, కాని అడిగేటప్పుడు ఆ తెలివి మనకు గుర్తురాదు. షువాన్ జావో, నికొలస్ ఎప్లీ 2022లో చూపించిన విషయం దీనికి తోడవుతుంది: అడిగినవారు అనుకున్నదానికంటే సాయం చేసినవారు ఎక్కువ సంతోషపడ్డారు.

అడిగితే ఏం జరుగుతుందో చెప్పడానికి నల్లగొండ నేలకు ప్రయోగశాలలు అక్కరలేదు. 1951 ఏప్రిల్ 18న వినోబా భావే పోచంపల్లికి వచ్చినప్పుడు, అక్కడి నలభై దళిత కుటుంబాలవారు బతకడానికి ఎనభై ఎకరాల భూమి కావాలని చెప్పుకున్నారు. వినోబా ఆ మాటను ప్రభుత్వానికి చేరవేస్తానని చెప్పి వెళ్లిపోయి ఉండవచ్చు. అలా చేయకుండా, ప్రభుత్వం వల్ల కాకపోతే ఊరివారు ఏమైనా చేయగలరా అని ఎదురుగా కూర్చున్నవారినే అడిగారు. వెదిరె రామచంద్రారెడ్డి లేచి వంద ఎకరాలు ఇస్తానన్నారు. భూదానోద్యమం అక్కడ పుట్టింది. సాయుధ పోరాటం నడుస్తున్న ఆ కాలపు చరిత్ర, తర్వాత ఆ ఉద్యమానికి ఎదురైన వైఫల్యాలు వేరే చర్చ. వంద ఎకరాలను వంద రూపాయల పెట్రోలుతో తూచడం నా ఉద్దేశం కాదు. అంతకుముందు ఎన్ని ఏళ్లుగానో ఆ అవసరం ఊళ్లోనే ఉంది, ఆ భూమీ ఊళ్లోనే ఉంది; ఎదురెదురుగా కూర్చోబెట్టి, సూటిగా, అందరి ముందూ ఎవరూ అడగలేదు. బస్సులో కూలి అక్క చేసిందీ అదే పని.

అడగడానికి మన భాష మనకు ఇచ్చిన సౌకర్యం ఒకటి ఉంది. "అన్నా", "అక్కా", "తమ్మీ", "బిడ్డా", "పెద్దయ్యా": తెలియనివారిని పిలవడానికి మన దగ్గర ఉన్నవి ఎక్కువగా చుట్టరికపు మాటలే. పాలాయన నన్ను "అన్నా" అన్నప్పుడు నా వయసు లెక్కకట్టలేదు, ఒక వరస కలిపాడు. ఆ వరస కలిసిన మరుక్షణం నేను సాయం తీసుకోవడంలో చిన్నతనం లేకుండా పోయింది. మరొకరి దయ మీద ఆధారపడటం కష్టం; అన్న తమ్ముడి చేత బండి నెట్టించుకోవడంలో కష్టం ఏముంది? ముసలివారు "బిడ్డా" అని పిలిచాక వారి గంప దించకుండా ముందుకు పోవడం చాలామందికి సాధ్యం కాదు. రాత్రి తొమ్మిది గంటలకు మన్ననూరు చెక్‌పోస్టు దగ్గర అడవి దారి మూసేశాక శ్రీశైలం వెళ్లలేక ఆగిపోయినవారి మధ్య, గంట తిరగకముందే ఈ పిలుపులు మొదలవుతాయి. ఆ వెనకే మంచినీళ్ల సీసాలు, దుప్పట్లు చేతులు మారతాయి.

కాని ఈ వరసలు అందరికీ ఒకేలా అందవని చెప్పకపోతే నేను నిజాన్ని సగమే చెప్పినట్టు. నాకు ఆ సాయంత్రం దొరికిన సాయంలో నా బట్టలకు, నా భాషకు, నేను మగవాడిని కావడానికి వాటా ఉంది. అదే దారిలో, అదే చీకట్లో ఒక ఆడపిల్ల స్కూటీ ఆగి ఉంటే, వెనక్కి తిరిగి వస్తున్న బండిని చూసి ఆమెకు కలిగేది ముందుగా ఊరట కాదు, భయం. ఆమె కూడా ఫోను చూస్తున్నట్టు నటిస్తుంది, అయితే నాలాగా మొహమాటంతో కాదు. మిర్యాలగూడ రైసు మిల్లుల్లో మూటలు మోసే బీహారు కూలీకి తెలుగు రాదు. "అన్నా" అనే పిలుపు అతనికి అందేలోగా అనుమానపు చూపు అందుతుంది. ముంబైకి, పుణెకు వలసపోయి పరాయి భాషల మధ్య బతికిన పాలమూరు కూలీల పిల్లలకు ఆ చూపు ఎలా ఉంటుందో తెలుసు. అన్నిటికంటే లోతైనది కులం. హోటళ్లలో రెండు గ్లాసుల పద్ధతిని చూసిన పల్లెలు మనవి. దాహం అడిగినవాడిని "ఏ ఊరు, ఎవరింటోళ్లు" అని అడగడంలో ఆప్యాయత ఉండవచ్చు, వడపోత కూడా ఉండవచ్చు. ఏది ఉందో అడిగినవాడికంటే అడిగించుకున్నవాడికి బాగా తెలుస్తుంది. చిన్న ఆపదలో దొరికే సాయం అంత తేలికగా దొరకడానికి ఒక కారణం, పేరూ ఊరూ అడిగేంత వ్యవధి లేకపోవడమేనని నాకు అనిపిస్తుంది. పాలాయన నా పేరు అడగలేదు.

చలివేంద్రాలను ఈ కోణంలో చూస్తే వాటి విలువ ఇంకా బాగా తెలుస్తుంది. మార్చి చివర నుంచి నల్లగొండ, పాలమూరు బస్టాండ్ల దగ్గర తాటాకు పందిరి కింద ఇసుకలో కుదురుగా నిలిపిన కుండలు, వాటికి చుట్టిన తడి గోనెగుడ్డ, పొడుగాటి కాడ ఉన్న గ్లాసు కనిపిస్తాయి. ఇప్పుడు కొన్నిచోట్ల అంబలి కూడా పోస్తున్నారు. అక్కడ ఎవరూ అడగనవసరం లేదు, ఎవరి మొహమూ చూడనవసరం లేదు. దోసిలి పడితే చాలు. మర్రిగూడ వంటి మండలాల్లో ఫ్లోరైడు నీళ్లతో ఎముకలు వంగిపోయిన మనుషుల్ని చూసిన జిల్లాలో, తెలియనివాడికి మంచినీళ్లు పోయడం అన్నది మాటవరసకు చెప్పుకునే పుణ్యం కాదు.

ఈ మధ్య కొత్తగా వచ్చిపడిన చిక్కు ఒకటి ఉంది. డబ్బు, నంబర్లు, దారి, టికెట్టు అన్నీ ఫోనులోకి వెళ్లాక, ఫోను ఆరిపోవడమే ఒక చిన్న ఆపదగా మారింది. ఇంట్లోవారి నంబరు కూడా నోటికి రాని మనిషి, తెలియనివారి మీద ఇదివరకటికంటే ఎక్కువ ఆధారపడుతున్నాడు. సరిగ్గా ఇదే సమయంలో సైబర్ మోసాల భయంతో ఫోను అడిగినవారికి ఇవ్వడానికి జనం వెనకాడుతున్నారు. ఆ భయం అనవసరమైనది కాదు. నేను చూసిన మంచి పద్ధతి జడ్చర్లలో ఒక చాయ దుకాణం ఆమెది: ఫోను చేతికి ఇవ్వకుండా, నంబరు అడిగి తానే కలిపి, స్పీకరు పెట్టి మాట్లాడిస్తుంది. ప్రమాదాల విషయంలో పోలీసు కేసుల భయం ఇంకా పాతది. సుప్రీంకోర్టు 2016లో ఇచ్చిన ఆదేశం, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఎ సెక్షన్ ప్రకారం గాయపడినవారిని సదుద్దేశంతో ఆదుకున్నవారి మీద కేసులు ఉండవు, పేరు చెప్పమని బలవంతం చేయకూడదు. ఈ సంగతి ఇంకా ఎంతోమందికి తెలియవలసి ఉంది.

పాలాయనకు నేను సరిగా కృతజ్ఞత చెప్పలేకపోయాను. "ధన్యవాదాలు" అనబోతే ఆ మాట నోట్లోనే కొయ్యబారింది. "థాంక్సన్నా" అన్నాను, అది ఆయన బండి చప్పుడులో కలిసిపోయింది. ఎనిమిది భాషల్లో మామూలు సంభాషణలను రికార్డు చేసి పరిశీలించిన ఒక అధ్యయనం 2018లో వచ్చింది. రోజువారీ చిన్న సాయాల తర్వాత నోటితో కృతజ్ఞత చెప్పడం నూటికి ఐదారు సందర్భాల్లోనే జరిగిందని అది తేల్చింది. అవి ఎక్కువగా తెలిసినవారి మధ్య మాటలు. మన దగ్గర తెలియనివారి మధ్య కూడా దాదాపు అంతేనని నాకు అనిపిస్తుంది. మన ముసలివాళ్లు "సల్లగుండు బిడ్డా" అంటారు, అది కృతజ్ఞత కంటే దీవెన. ఆయన డబ్బు వద్దనడం పెద్దమనసే. అయినా ఆ వంద రూపాయలు నా దగ్గర ఉండిపోయాయి, ఎక్కడికీ పోకుండా, ఇప్పటికీ.

బస్సులో అవ్వ అలా ఉండనివ్వలేదు. మరికల్ దాటాక బిడ్డ ఊరి స్టేజీ రాగానే గంప ఎత్తుకునే ముందు, పైన కప్పిన ఆకులు తొలగించి, వేలితో ఒక్కొక్కటే నొక్కి చూసి, కళ్లు విచ్చి పండడానికి సిద్ధంగా ఉన్న రెండు సీతాఫలాలు తీసింది. కూలి అక్క ఒళ్లో ఉన్న టిఫిన్ డబ్బాను పక్కకు జరిపి, వాటిని అక్కడ పెట్టింది. "రేపటికి మెత్తవడ్తయ్, పిల్లలకు వెట్టు" అంది. ఆ అక్క వద్దనలేదు. పండ్లు దొర్లిపోకుండా కొంగు చుట్టూ తీసుకుని, అవ్వ మెట్లు దిగేదాకా గంపకు చెయ్యి ఆసరా ఇచ్చింది.